పిల్లలతో పాపికొండల పడవ ప్రయాణము

మా పాఠశాలలో ఒకనాడు అయిదవ తరగతి పిల్లలను “గోదావరి యనగా నేమి?” అని యడిగితిమి. ఒక బాలుడు తటాలున లేచి “ఏడో పాఠం, సార్!” అనెను. తరగతియంతయు నవ్వినది, మేమును నవ్వితిమి. సాయంకాలము ఇంటికి పోవు దారిలో ఆ నవ్వు మాకు మిగులలేదు. బాలుడు చెప్పినదానిలో తప్పేమి? తమిళనాట కావేరి నీరు త్రాగి పెరుగుచున్న మన పిల్లలకు గోదావరి యనగా వాచకములోని యొక బొమ్మ, దాని క్రింద అయిదు ప్రశ్నలు. ఇంటిలో తెలుగు మాటలాడుచున్నాము, బడిలో తెలుగు చదివించుచున్నాము. కాని ఆ పాఠములోని నీటిని వారు కన్నులార చూచి యెఱుగరు.

ఆ యేటనే పొంగలు సెలవులలో నాలుగు కుటుంబములవారము కలిసి, పిల్లలను వెంటబెట్టుకొని, పాపికొండలకు లాంచీ ప్రయాణము చేసి వచ్చితిమి. పెద్దలము ఏడుగురము, పిల్లలు అయిదుగురు. పిల్లలలో పెద్దదానికి పదమూడేండ్లు, చిన్నదానికి నాలుగు. ఆ ప్రయాణమున మేము చూచినదియు, చూడక పోబోయి సకాలమున చూచినదియు మన తలిదండ్రులకు తెలుపుట యీ వ్యాసపు పని.

తెలుగువారికి నీటి ప్రయాణము కొత్త కాదు. కాకినాడ, విశాఖపట్టణము రేవులనుండి స్టీమరులపై రంగూను పోయిన తాతలు పెక్కు కుటుంబములలో నుండిరి. అయితే అది కూటికొఱకు చేసిన ప్రయాణము; పిల్లలకు లోకము చూపుటకు చేసినది కాదు. ఈ కాలమున మనవారిలో కొందఱు చెన్నపట్టణమునుండియు బొంబాయినుండియు పెద్ద విహారనౌకలలో మూడు నాలుగు దినములు సముద్రముమీద తిరిగి వచ్చినారు. వారి సంతోషమును మేము కాదనము. కాని పిల్లలకు మొదటి నీటి ప్రయాణము నదిమీద నైనచో మేలని మా యభిప్రాయము. సముద్రముమీద నాలుగు దిక్కులును ఒక్కటే; నదిమీద గట్టు కనబడును, గట్టుమీద ఊరు కనబడును, ఊరిలో మనిషి కనబడును.

గోదావరి ఆంధ్రుల నది యని మన పిల్లలు చదువుచున్నారు. అది సగము నిజము. మహారాష్ట్రమున నాసికకు సమీపమందలి త్ర్యంబకమువద్ద పుట్టి, 1465 కిలోమీటర్లు నడచి సముద్రమున కలియు ఈ నదికి ఆంధ్రదేశము కడపటి మజిలీ. కన్నడదేశపు బీదరు సీమమీదుగా వచ్చు మంజీర దీనిలోనిదే. ఒడిస్సా కొండలలో కొలాబు అను పేర బయలుదేరిన యేఱు, శబరియై, కూనవరమువద్ద దీనిలో కలియును. గౌతమీపాయ సముద్రమును చేరబోవుచోట యానాము కలదు. మన సంఘమునకు చెందిన పాఠశాలలు ఏయే సీమలలో నున్నవో చూడుడు: ఇంచుమించుగా ఆ సీమలన్నిటినుండియు ఈ నదికి ఒక దారము కలదు.

తమిళనాటి మనకు మాత్రము నీటి సంబంధము లేదు. మనిషి సంబంధము కలదు. తిరుచిరాపల్లికి ఎగువన ముక్కొంబువద్ద కొళ్ళిడమునకు 1836 ప్రాంతమున ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ దొరయే, పిదప 1847 మొదలు 1852 వఱకు ధవళేశ్వరమువద్ద గోదావరికి ఆనకట్ట కట్టించెను. ఇప్పుడు ఆ పాత కట్టడమునకు బదులుగా నిలిచిన బారేజి ఆయన పేరనే యున్నది. మన పిల్లలు ముక్కొంబునకు వనభోజనములకు పోని సంవత్సరము లేదు. ధవళేశ్వరమున కాటన్ విగ్రహమువద్ద నిలిచి “మన ముక్కొంబు కట్టినవాడితడే” అని చెప్పినప్పుడు, ఏడవ పాఠపు బాలుడు విగ్రహమును ఊరివానిని చూచినట్లు చూచెను. లాంచీ యెక్కుటకు ముందుదినము ఆ యూరు చూపుట మంచిదని అప్పుడు తోచినది.

పూర్వము రాజమహేంద్రవరమునుండి లాంచీలు ఎదురు ప్రవాహమున భద్రాచలమువఱకు పోవుచుండెడివి. 1973లో బాపు తీసిన “అందాల రాముడు” చలనచిత్రపు కథ అట్టి ప్రయాణముమీదనే నడచునని పెద్దలకు జ్ఞాపకముండును. పోలవరమువద్ద ఆనకట్ట పనులు నదికి అడ్డముగా లేచిన పిదప ఆ దారి తెగినది. మేము రాజమహేంద్రవరమునుండి బస్సుపై గండిపోచమ్మ గుడివఱకు పోయి, అచ్చట, అనగా ఆనకట్టకు ఎగువన, లాంచీ యెక్కవలసి వచ్చెను. భద్రాచలమువైపునుండి వచ్చువారు పోచవరము రేవున నెక్కుదురు.

కాలమును గూర్చి ఒక్క మాట. గోదావరికి ఆషాఢమునుండి భాద్రపదమువఱకు వరద. నీటి పారుదలను క్యూసెక్కులలో కొలుతురు; ఒక సెకనులో ఒక ఘనపుటడుగు నీరు ఒకచోటు దాటినచో ఒక క్యూసెక్కు. 1986 ఆగష్టులో ధవళేశ్వరమువద్ద దాటిన నీరు ముప్పదియైదు లక్షల క్యూసెక్కులు. 2022 జూలైలోను ఇరువదియైదు లక్షలకు మించెను. ఇట్టి నదిని వేసవి సెలవుల చివరనో, దసరాకు ముందో చూడవలెనని తొందరపడుట తగదు. కార్తికమునుండి మాఘమువఱకు నది శాంతముగా నుండును, ఎండయు తక్కువ. రద్దీ మాత్రము ఎక్కువ; ఆ రద్దీయే మమ్ము చిక్కున పడవేసినది.

రేవునకు చేరునప్పటికి ఉదయము తొమ్మిది దాటినది. మేము ముందుగా సొమ్ము చెల్లించిన లాంచీ గట్టున నుండెను. జనము ఎక్కుచుండిరి. పై అంతస్తున కుర్చీలు, పందిరి, పెద్ద గొట్టముల పాట. పిల్లలు పరుగెత్తి పై అంతస్తునకే పోయిరి. మాలో ఒకరు లైఫ్ జాకెట్లెక్కడ నున్నవని యడిగిరి. పైకప్పున ఒక మూల టార్పాలిను క్రింద త్రాటితో కట్టిన మూట చూపించిరి. ఇప్పుడే యిండని యడిగితిమి.

“బయల్దేరాక ఇస్తామండీ. రోజూ తిరిగే పడవండి ఇది, ఆయ్!” అనెను టిక్కెట్ల మనిషి.

“పిల్లల కొలతవి ఉన్నాయా?”

“పిల్లలకెందుకండీ, మీ ఒళ్లో కూర్చోబెట్టుకుంటారు గదా!”

ప్రయాణికుల పట్టికలో మావి ఏడు పేర్లే యుండెను. పిల్లల పేర్లేవి యనగా, వారికి సగము టిక్కెట్టు, చిన్నదానికి టిక్కెట్టే లేదు, అందుచేత వ్రాయలేదు అనిరి. అప్పుడు మేము పిల్లలను పిలిచి, గట్టునకు దిగితిమి.

దిగుట చెప్పినంత సులభము కాలేదు. పిల్లలు అయిదుగురును ఏడ్చిరి. మా వదినగారు ఒకరు “ఇంత దూరం రైలెక్కి వచ్చి, తీరా గట్టున నిలబెట్టారు! అందరూ పోవడంలేదా?” అని యలిగిరి. లాంచీమీదివారు వంగి మావైపు వింతగా చూచిరి. చెల్లించిన సొమ్ములో సగమే తిరిగి వచ్చినది. లాంచీ పాటలతో కదలి మలుపు తిరిగినది. ఆనాటి సాయంకాలము అది క్షేమముగా తిరిగి వచ్చినదని కూడ చెప్పవలెను. దాచుట న్యాయము కాదు. మా వదినగారు ఆ మాట మాకు రెండుసార్లు జ్ఞాపకము చేసిరి. అయినను అట్టి గట్టుమీద మరల నిలువవలసి వచ్చిన మరల దిగుదుమనియే మా నిశ్చయము. ఎందుచేత ననగా, లాంచీ క్షేమముగా వచ్చిన దినములు ఎన్నియో కలవు. క్షేమముగా రాని దినము కూడ ఉదయమున అట్లే యుండును.

2019 సెప్టెంబరు 15వ తేదీన, గోదావరి వరద ఇంకను తీయని దినములలో, ఈ దారిలోనే కచ్చులూరువద్ద విహారలాంచీ మునిగి నలువదిమందికి పైగా చనిపోయిరి. పడవలో ఎందరుండిరో మొదటి దినములలో సరిగా చెప్పుటయే కష్టమైనది. మునిగిన పడవను లోతునుండి వెలికి తీయుటకు అక్టోబరు 22వ తేదీ వచ్చెను. దానికి ముందటి సంవత్సరము, 2018 మే 15న, మంటూరువద్ద మునిగిన లాంచీలో, గాలివానకు తలుపులు, కిటికీలు మూసికొనియుండుటచేత లోపలివారు బయటపడలేకపోయిరి. కేరళమున తేక్కడివద్ద 2009 సెప్టెంబరు 30న రెండంతస్తుల పడవలోనివారు గట్టుమీది మృగములను చూచుటకు ఒక ప్రక్కకు పోగా, పడవ ఒరిగి 45 మంది చనిపోయిరి. అదే రాష్ట్రమున తానూరువద్ద 2023 మే 7న 22 మంది. వారిలో పెక్కుమంది బాలబాలికలు. వడోదరలో హర్ణి చెఱువున 2024 జనవరి 18న బడిపిల్లలు 12 మంది, ఉపాధ్యాయినులు ఇద్దరు. అది బడివారు తీసికొనిపోయిన విహారము. పిల్లలలో పెక్కుమందికి జాకెట్లు లేవు. పిల్లలను నడుపు మాకు ఆ వార్త చదివిననాడు అన్నము సహింపలేదు.

ఇన్ని చావుల లెక్క వార్షిక సంచికలో ఏల యని కొందరికి తోచవచ్చును. ఈ లెక్క తెలిసినవారే పిల్లలను నీటిమీదికి తీసికొనిపోదగినవారని మా నమ్మకము. భయపడి మానుకొన్నచో పిల్లలకు గోదావరి ఏడవ పాఠముగనే యుండును.

పడవ యేల ఒరుగునో పిల్లలకు ఇంటిలోనే చూపవచ్చును. మేము ప్రయాణమునకు ముందు చూపియుండవలసినది; ఆ రాత్రి రాజమహేంద్రవరమున దిగిన సత్రములో చూపితిమి. ఒక తొట్టి నిండ నీరు పోసి, అడుగు చదునైన గిన్నె నొకదానిని తేలనిచ్చి, అందులో పది గోళీలు వేయుడు. గిన్నె నిలకడగా నుండును. ఇప్పుడు వ్రేలితో అంచును ఇంచుక నొక్కుడు. గోళీలన్నియు ఆ వైపునకే దొరలును. దొరలుటచేత గిన్నె మరింత ఒరుగును. మరింత ఒరుగుటచేత నీరు లోనికి వచ్చును. గోళీలే ప్రయాణికులు. తరువాత ఆ గోళీలనే ఒక పొడవైన గ్లాసులో పోసి, గ్లాసును గిన్నె నడుమ నిలుపుడు. బరువు అంతే, గోళీలు అవే; కాని బరువు పైకి పోయినందున గిన్నె చిన్న అలకే తూలును. పై అంతస్తున జనము కిక్కిరిసిన లాంచీ అట్టిది. ఏడవ పాఠపు బాలుడు ఈ ప్రయోగమును పదిసార్లు చేసి, సత్రపు నేలయంతయు తడిపి, చివరకు “పైన కూర్చోవద్దు, సార్” అనెను. మేము చెప్పవలసిన మాట వాడే చెప్పెను.

జాకెట్టు విషయమున కొలత ముఖ్యము. పెద్దల జాకెట్టు తొడిగిన బిడ్డ నీటిలో పడినచో జాకెట్టు పైకి తేలును, బిడ్డ క్రిందికి జారును. తొడిగి, కట్లు బిగించి, భుజములవద్ద పట్టి బిడ్డను కొంచెము పైకెత్తి చూడవలెను; గడ్డమును చెవులును జాకెట్టులోనికి దిగబడినచో అది ఆ బిడ్డకు పనికిరాదు. చిన్నబిడ్డల జాకెట్లకు కాళ్ళ నడుమనుండి వచ్చు పట్టీ యుండవలెను. పిల్లల జాకెట్లకు వయస్సు కాదు, బరువు కొలత. తొడుగుట గట్టుమీదనే, దిగిన తరువాతనే విప్పుట. “మావాడికి ఈత వచ్చును” అనువారు కలరు. ఈత నేర్పుట ఎంతయో మంచిది. కాని పట్టణపు కొలనులో వచ్చిన యీత గోదావరి గండిలో వచ్చునని యనుకొనరాదు.

పెద్ద నౌకలలో ఈ జాగ్రత్త నియమముగా నున్నది. 2012 జనవరిలో ఇటలీ తీరమున కోస్తా కాంకార్డియా అను నౌక ఒరిగి 32 మంది చనిపోయినారు. ఆ పిదప, నౌక కదలుటకు ముందుగాని కదలిన వెంటనేగాని ప్రయాణికులందరిచే ఆపత్కాలపు అభ్యాసము చేయించవలెనని అంతర్జాతీయ నిబంధన ఏర్పడినది. అంతకు ముందు 24 గంటలలోపల చేయించిన చాలియుండెను. నదిమీది లాంచీలలో మనకై మనమే ఆ యభ్యాసము చేసికొనవలెను: ఏ ద్వారము దగ్గర, ఎవరి చేయి ఎవరు పట్టుకొందురు, పడవ ఆగువఱకు ఎవరు లేవరాదు. అయిదు నిమిషముల పని.

మరునాడు వేఱొక లాంచీ దొరకినది. జాకెట్లు గట్టుమీదనే యిచ్చిరి. పిల్లలవి మూడే యుండగా, మిగిలిన రెండును ప్రక్క లాంచీనుండి తెప్పించిరి. పట్టికలో పన్నెండు పేర్లును వ్రాయించితిమి, నాలుగేండ్లదాని పేరుతో సహా. క్రింది అంతస్తున, ద్వారమునకు దగ్గరగా కూర్చుంటిమి. మా వదినగారు తామే అందరి కట్లు బిగించి చూచిరి; ముందునాటి మాట మరి యెత్తలేదు.

ఇక నది. రాజమహేంద్రవరమువద్ద రెండున్నర కిలోమీటర్లకు మించిన వెడల్పున పరచుకొన్న గోదావరి, ఎగువన పాపికొండల నడుమ కొన్నిచోట్ల రెండు మూడు వందల గజములకు ఇఱుకబడును. జడకు నడుమ పాపిడి తీసినట్లున్నది గనుక పాపిడికొండలు, అవే పాపికొండలైనవని చెప్పుకొందురు. వెడల్పు తగ్గినను రావలసిన నీరు రాకమానదు. కాబట్టి లోతు పెరుగును, మలుపులలో సుడులు తిరుగును. పిల్లలకు ఇది చెప్పుటకు భూగోళపు పుస్తకము అక్కఱలేకపోయినది. మలుపువద్ద నీరు తనలో తాను చుట్టుకొని పోవుట చూచి, అందరును మాటలు మానిరి.

లాంచీ నడుపువానిని సరంగు అందురు. మా సరంగు నడివయస్సు మనిషి, మాట తక్కువ. తరువాత తరువాత పిల్లలమీద దయగలిగి ఒక్కొక్క మాట చెప్పసాగెను. ముందుభాగము అణియము, వెనుకభాగము అమరము, త్రిప్పునది చుక్కాని, నిలుపునది లంగరు, నడుమ నిసుక మేట తిప్ప, పాయల నడుమ పంట భూమి లంక. ఈ మాటలలో సగము మాకే తెలియవు. పదమూడేండ్ల బాలిక పుస్తకము తీసి వ్రాసికొనసాగెను. సరంగు, లంగరు అనునవి పారసీకమునుండి వచ్చినవనియు, లాంచీ ఇంగ్లీషుదనియు మేము చెప్పితిమి. పిల్లలు మాత్రము మాకు తోచని దారి పట్టిరి. “దోనె అంటే మన దోణియే గదా?” అనెను ఒకడు. “ఓడ అంటే ఓడం!” అనెను మరియొకడు. పడవకు పడగు, ఏఱునకు ఆఱు. వీధిలో తమిళము, ఇంటిలో తెలుగు మాటలాడు మన పిల్లలు, రెండు భాషలును అప్పచెల్లెండ్రని వ్యాకరణము చెప్పకమునుపే, ఒక గంటలో కనిపెట్టిరి. రెండు భాషల నడుమ పెరుగుట లోపమని యనుకొను తలిదండ్రులు ఆనాడు ఆ లాంచీలో నుండవలసినది.

పై అంతస్తున పాటలు, నృత్యములు జరుగుచుండెను. అవి మేము వలదనలేదు, వలదన్నను వినువారు లేరు. ఇంటిలో దొరకు పాటలే వినుటకు ఇంత దూరము రావలెనా యని మాత్రము అనిపించినది. కచ్చులూరు దగ్గరకు వచ్చునప్పటికి సరంగు మనిషిని పంపి పాట నిలిపించెను. ఎందుకో పిల్లలు అడుగలేదు, పెద్దలము చెప్పలేదు. మలుపు దాటినంతవఱకు యంత్రపు చప్పుడు ఒక్కటే వినబడినది.

గట్టుల వెంబడి పాడుపడిన యిండ్లు కనబడును. పోలవరము జలాశయము నిండినప్పుడు నీరు 45.72 మీటర్ల మట్టమునకు నిలుచునట్లు నిర్ణయింపబడినది. ఆ మట్టము లోపలి ఊళ్ళవారు కదలిపోవలసియున్నది. 2021లో అడ్డుకట్టవలన నీరు ఎగదన్ని దేవీపట్నము ప్రాంతపు ఊళ్ళను ముంచినది. జనులు పునరావాస కాలనీలకు పోయిరి. పైకప్పు లేని ఒక యింటి గోడమీద ముగ్గుపట్టె రంగు ఇంకను చెదరలేదు. “ఈ యింటివాళ్లు ఎక్కడికి పోయారు?” అని నాలుగేండ్లది యడిగినది. వేఱే ఊరికి పోయినారంటిమి. “వాళ్ల మాటా మారిపోతుందా?” అని పెద్దది యడిగినది. పొలములకు నీరు వచ్చుట నిజము, ఊళ్ళు పోవుట నిజము. ఈ రెండింటిలో ఒకదానినే పిల్లలకు చెప్పుట మాకు ఇష్టము లేకపోయినది. రెండును చెప్పితిమి. ఆమె ప్రశ్నకు మాత్రము బదులు చెప్పలేకపోతిమి.

పేరంటపల్లివద్ద లాంచీ ఆగినది. అచ్చట శ్రీరామకృష్ణ మునివాటము, శివాలయము, కొండమీదినుండి దిగివచ్చు సెలయేఱు ఉన్నవి. కొండవారు వెదురును చీల్చి చేసిన పూలు అమ్ముచుందురు. ఈ కొండలలో కొండరెడ్లు తెలుగే మాటలాడుదురు. కోయలకు కోయభాష కలదు. పూలు అమ్ము ఒక కోయ బాలిక మా పిల్లలతో తెలుగున బేరమాడి, తల్లివైపు తిరిగి వేఱొక భాషలో ఏదో యనెను. “ఇంట్లో కోయ, బళ్లో తెలుగు” అని తల్లి నవ్వుచు చెప్పినది. మా పిల్లలు ఒకరి ముఖము ఒకరు చూచికొనిరి. “మన మాదిరే!” అనెను ఏడవ పాఠపు బాలుడు. తెలుగు ఇంకొకరికి బడిభాష యగుననియు, ఆ యింకొకరి ఇంటిభాష దాని ప్రక్కన చిన్నదై నిలుచుననియు వానికి అంతవఱకు తట్టియుండదు. మాకును అంతగా తట్టలేదు. వాడు బేరమాడక రెండు పూలు కొనెను.

చిల్లర సంగతులు త్వరగా చెప్పుదుము. ఫలహారమును భోజనమును లాంచీవారే పెట్టుదురు. కాని చిన్నపిల్లలకు పెరుగన్నము, కాచి చల్లార్చిన నీరు వెంట నుండుట మేలు. ఎండ నీటిమీదినుండి తిరిగి ముఖమున కొట్టును; టోపీ చాలదు, చొక్కా చేతులు పొడవుగా నుండవలెను. జారు చెప్పులు వలదు. మరుగుదొడ్డి ఎక్కడనో ఎక్కగానే చూచుకొనవలెను. పిల్లవాడు ఒంటరిగా అమరమువైపు పోవుట ఆ పనిమీదనే గదా. రాకపోకలకు దినమంతయు పట్టును. ఆనాడే రైలు ఎక్కవలెనని యనుకొన్నచో తిరుగుదారిలో పెద్దల తొందర పిల్లలమీద పడును.

ఎక్కినప్పుడు, దిగినప్పుడు లెక్కపెట్టు పని పిల్లలకే అప్పగించితిమి. ప్రతి రేవున ఒకరు. పేరంటపల్లివద్ద వంతు నాలుగేండ్లదానిది. వ్రేళ్ళు మడిచి, మరల విప్పి, రెండుసార్లు లెక్కించి, “పదకొండు!” అని బిక్కమొగము పెట్టినది. పెద్దలమందరము ఉలికిపడి ఒడ్డువైపు చూచితిమి. మా వదినగారు సెలయేటివైపు పరుగెత్తిరి. అప్పుడు సరంగు అమరమునుండి, “ఏరు దాటిన పరమానందయ్య శిష్యులు కూడా ఇలాగే లెక్కెట్టారమ్మా. నిన్ను నువ్వు లెక్కెట్టుకున్నావా?” అనెను. అది తన ఱొమ్ముమీది పసుపుపచ్చ జాకెట్టును తట్టిచూచుకొని “పన్నెండు” అన్నది. మా వదినగారికి ఊపిరి కుదుటపడుటకు మఱి కొంతసేపు పట్టినది.

ఆ బాలునికి ఈ సంవత్సరపు పరీక్షలో గోదావరినిగూర్చి వ్రాయుమని ప్రశ్న వచ్చెను. పుస్తకములోని జవాబులో సగము వదలి, అణియము, అమరము, గోళీలు, వెదురు పూలు వ్రాసి, మార్కులు తక్కువ తెచ్చుకొన్నాడు. మార్కులు వేసినవారము మేమే. ప్రశ్నలో అడిగిన ఉపనదుల పేర్లు వాడు వ్రాయలేదు.

వచ్చు పొంగలు సెలవులలో మరల పోవ తలచితిమి. ఈ మాఱు పిల్లల జాకెట్లు మనమే కొని వెంట తీసికొనిపోవుదుము. రాదలచిన కుటుంబములవారు కార్తికము లోపల పాఠశాల కార్యాలయమున పేర్లు ఇయ్యవలెను. ఒడిలోని బిడ్డతో సహా అందరి పేర్లును, ప్రతి బిడ్డ పేరు ప్రక్కన బరువు కిలోలలోను వ్రాసి యియ్యగోరుచున్నాము.